ఏడు పెట్టెల నియాజ్

ఏర్పేడు దాటి శ్రీకాళహస్తి వైపు పోతున్న పాల ట్యాంకర్‌కు ఒక బస్సు డ్రైవరు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. ట్యాంకర్ తోలుతున్న పెంచలయ్య బ్రేకు తొక్కి పక్కకు చూశాడు. బస్సు వారగా ఆగి ఉంది. దిగిన జనం దాని నీడలోనే ఒద్దికగా నిలబడ్డారు. ఇంజను మూత తెరిచి ఉంది, ఆ మూత కిందినుంచి రెండు కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. ఆ కాళ్లాయన మెకానిక్కేమో అనుకున్నాడు పెంచలయ్య. కాదట, ప్రయాణికుడట. బస్సు ఆగిపోగానే ఎవరూ పిలవకుండానే లోపలికి దూరి, అరగంట వెతికి, ఇది వైరు రోగం కాదు, పంపు రోగం, నా చేతిలో లేదు అని తేల్చాడట. టిక్కెట్టు కొన్న మనిషి చేత ఇంత చాకిరీ చేయించుకుని ఎండలో వదిలేస్తే బాగుండదు, పాపం తడకు పోవాలంట, నీ పక్కన కూర్చోబెట్టుకో అప్పా అని బస్సు డ్రైవరు బతిమాలాడు.

పాల ట్యాంకర్‌లో పరాయి మనిషిని ఎక్కించుకోకూడదు. డెయిరీవాళ్లు ఆ మాట తలుపు మీదే రాయించారు. పైగా డ్రైవరు మొహం చూస్తూ ఉండే కెమెరా ఒకటి ఎదురుగా ఉంది. మామూలు రోజైతే పెంచలయ్య చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడే. కానీ రేపు ఈ స్టీరింగు ముందు కూర్చుంటాడో లేదో తెలియని మనిషికి తలుపు మీది రాతలంటే భయం కాస్త సడలుతుంది. ఎక్కమన్నాడు.

లారీ ఎక్కే తీరును బట్టి మనిషి బతుకుతెరువు చెప్పేయవచ్చు. రైతు ముందు సీటు తుడుస్తాడు. పోలీసు తుడవడు. బేరగాడు ఫోను చార్జింగు పెట్టుకునే చోటు అడుగుతాడు. ఈయన మాత్రం ఎక్కీ ఎక్కగానే వంగి డ్యాష్‌బోర్డు కిందికి తల పెట్టి చూశాడు. అరవైకి దగ్గరపడిన సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, భుజాన రెక్సిన్ సంచి, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు. పేరు నియాజ్ అన్నాడు. ఊరు రేణిగుంట అన్నాడు. ఆ తర్వాత వింటూ కూర్చున్నాడు. వినేవాడు దొరికితే చెప్పుకోవాలని పెంచలయ్య పది రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

పెంచలయ్య పొద్దున్నే పూతలపట్టు దగ్గరి శీతల కేంద్రంలో పాలు నింపుకుని, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా తడ దగ్గర పాకెట్లు కట్టే ప్లాంటుకు చేరుస్తాడు. రెండు వారాల కిందట డెయిరీవాళ్లు ఈ బండిలో కొత్త పెట్టె ఒకటి బిగించారు. అప్పటి నుంచీ అతనికి కష్టాలు మొదలయ్యాయి. చిత్తూరు ఆఫీసులో బండ్ల వ్యవహారం చూసే యోగానంద ముందర ఒక తెర ఉంటుంది. ట్యాంకు మూత వేసి ఉన్నంతసేపూ ఆ తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పాకుతూ ఉంటుంది. మూత తెరిస్తే ఎర్రబడుతుంది. పెంచలయ్య గీత ఎర్రబడదు, తెగిపోతుంది. రోజూ ఒకసారి, ఇరవై నిమిషాల పాటు, అసలు ఏమీ ఉండదు. ఆ ఇరవై నిమిషాల్లో మూత వేసి ఉందో తీసి ఉందో దేవుడికే తెలియాలి. అదీ ఎక్కడ? వరదయ్యపాళెం దాటాక పంకజాక్షి టీ అంగడి ముందర. అంటే అక్కడ ఆగి, పెట్టె నోరు ఎలాగో నొక్కేసి, పాలు తోడి నీళ్లు పోస్తున్నాడని కదా అర్థం.

తాను చేయలేదని పెంచలయ్య చెప్పుకున్నాడు. అంగడి మార్చి చూశాడు. గీత తెగడం కూడా అతని వెంటే కొత్త అంగడికి వచ్చింది. పెట్టెకు నల్లదారం కట్టాడు, నిమ్మకాయ దిష్టి తీశాడు. ఒకరోజు అసలు ఎక్కడా ఆగకుండా, గొంతు ఎండబెట్టుకుని, ఏకబిగిన తడ చేరాడు. ఆ రోజు గీత నిక్షేపంగా ఉంది. తన నిజాయితీ రుజువైందని సంబరపడుతూ ఫోను చేస్తే యోగానంద ఒక్కటే అడిగాడు: ఆగని రోజు తెగలేదంటే, ఆగిన రోజు ఏం చేస్తున్నావు? టీ తాగుతున్నాను సార్ అంటే, ఇరవై నిమిషాలా అన్నాడు. నిన్న సాయంత్రం చివరి మాట చెప్పేశాడు. రేపు కూడా గీత తెగితే ఎల్లుండి నుంచి తాళాలు ఇంకొకరికి.

అది కూడా కాదు పెంచలయ్యను కోసింది. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన సంతోషమ్మ, రాత్రి అన్నం పెడుతూ, చాలా మెల్లగా, నాకన్నా నిజం చెప్పు అని అడిగింది. అప్పటి నుంచీ అతనికి తన మీదే అనుమానం పట్టుకుంది. తనకు తెలియకుండా తను కునుకు తీస్తున్నాడా? ఆ సందులో ఎవరైనా ట్యాంకు ఎక్కుతున్నారా? మతి గానీ జారుతోందా?

ఇదంతా చెప్పుకొచ్చి, ఆఖరుకు డ్యాష్‌బోర్డు మధ్యలో పచ్చ దీపం వెలుగుతున్న పెట్టె వైపు గడ్డంతో చూపించాడు.

"మంచోళ్ల మాదిరి ఏడు పెట్టెలుండె అన్నా ముందర. అరిస్తే అరిసేవి గానీ, ఒకరి ఉసురు పోసుకోలా. అన్నీ పీకేసి ఈ ఒక్కటి పెట్టినారు. దీన్ని ఎవుడు కనిపెట్టినాడో గానీ వాని చేతులు పడిపోను."

నియాజ్ తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి చూసుకున్నాడు.

"ఇంకా బాగనే ఉండాయప్పా," అన్నాడు. "కుడి బుజం మాత్రం పొద్దున పూట పట్టేస్తా ఉండాది. అది నీ శాపమేనేమో."

పెంచలయ్యకు అర్థం కావడానికి అర కిలోమీటరు పట్టింది. అర్థమయ్యాక సిగ్గుతో రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఎదురుగా స్వర్ణముఖి వంతెన వచ్చింది.

ఈ బండికి పెట్టె బిగించిన రోజు పెంచలయ్య సెలవులో ఉన్నాడు, అందుకే మనిషిని ఎరగడు. లేకపోతే రేణిగుంట నుంచి తడ దాకా ఏడు పెట్టెల నియాజ్ అంటే తెలియని లారీ మనిషి తక్కువ. ఆయన తండ్రి సుల్తాన్ రేణిగుంటలో డైనమోలకు రాగి తీగ చుట్టేవాడు. లారీ తెచ్చి నిలబెడితే మీటరు పెట్టకుండా, ముక్కుతో వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేవాడట. కొడుక్కి ఆ ముక్కు వచ్చింది, చదువు మాత్రం తొమ్మిదితో ఆగింది. ఆరేళ్లు మద్రాసులో పాత బండ్ల సామాను మధ్య పని నేర్చుకుని తిరిగొచ్చి తండ్రి షెడ్డులోనే కూర్చున్నాడు. కూర్చున్నాడనడం మర్యాదకే, ఆయన ఒకచోట కూర్చునే రకం కాదు. ఎక్కడ బండి ఆగిందని ఫోను వస్తే అక్కడికి, దొరికిన లారీ ఎక్కి పోవడమే. పక్క కొట్టులో భార్య అంబ్రీన్ లారీ సీట్లకు కవర్లు కుడుతుంది. మొగుడి కంటే మొగుడు బిగించిన హారన్లే ఎక్కువ వినబడతాయని ఆమె చమత్కారం.

పెట్టెల కాలం వచ్చాక ఆయన బతుకు ఇంకో మలుపు తిరిగింది. చదువుకున్నవాళ్లు దీన్ని టెలిమాటిక్స్ అంటారు. లారీ దోవలో అయితే పెట్టె అంటే చాలు. బండి ఎక్కడుందో చెప్పడానికి ఒక పెట్టె బిగించారు మొదట. తర్వాత వేగానికి ఒకటి, డీజిలుకు ఒకటి. పాల బండి అయితే పాల చల్లదనానికి, మట్టానికి, మూతకు వేరువేరుగా మూడు. డ్రైవరు కునుకు తీస్తున్నాడేమో చూడ్డానికి కెమెరా పెట్టె. మొత్తం ఏడు. ఏడు కంపెనీలవి. దేని సిమ్ దానిది, దేని యాంటెనా దానిది, దేని అరుపు దానిది. ఒకే బండి తిరుపతిలో ఉందన్న ఒకే కబురును ఏడుగురు ఏడిళ్లకు వేరువేరుగా చేరవేస్తున్నట్టు. ఏడూ కలిసి బ్యాటరీని పీల్చేసేవి. ఒక ట్యాంకర్ డ్యాష్‌బోర్డు విప్పి నియాజ్ ఒకనాడు లెక్కపెడితే నలభై ఒక్క వైరు తేలింది. ఇది బండా, జడలు కట్టిన జుట్టా అనుకున్నాడట.

తిరుపతిలో కంప్యూటరు చదివిన కూతురు ఉమ్మే సల్మా అప్పుడు చెప్పింది, దీనికి మందు ఉందని. పెట్టె ఒకటే ఉంటుంది. ఒక సిమ్, ఒక యాంటెనా, ఒక కరెంటు వైరు. ఏడు కంపెనీల పనులూ ఫోనులో యాప్‌ల మాదిరి ఆ ఒక్క పెట్టెలోనే పక్కపక్కన కూర్చుంటాయి. అందరికీ కలిపి ఒకటే ప్లాట్‌ఫామ్. రైల్వే జంక్షన్ ఉన్న రేణిగుంటలో పుట్టినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. బెంగుళూరులో ఎవరో అలాంటి ఖాళీ పెట్టెలు చేస్తున్నారని తెలిసి తెప్పించారు. తండ్రి వైర్ల పని, కూతురు లోపలి పని.

కష్టం పెట్టెలో లేదు, మనుషుల్లో ఉంది. బండి స్టార్టు కాగానే ముందు మాదే మేలుకోవాలి అంటుంది ప్రతి కంపెనీ. ఉమ్మడి కాపురంలో పొయ్యి ఒకటై కోడళ్లు ఏడుగురైతే ఎట్లుంటుందో అట్లా అయిదు నెలలు నడిచింది. ఆఖరుకు నియాజ్ అందరి మనుషులనూ షెడ్డుకు రమ్మని, టైర్ల మీద కూర్చోబెట్టి, తిరుపతి సత్రాల సంగతి చెప్పాడు. సత్రంలో కొళాయి ఒకటే ఉంటుంది. ప్రతి కుటుంబమూ దర్శనం టికెట్టు తమకే ఉందన్నట్టు బిందె ముందుకు తోస్తుంది. సత్రం చూసుకునేవాడు వరస కట్టించకపోతే ఎవరి బిందే నిండదు. అట్లా చెప్పి సున్నం గోడ మీద బొగ్గుతో వరస రాయించాడు. ఆ రోజు మూత కంపెనీ మనిషి ఎక్కిన రైలు గూడూరులో ఆగిపోయి రాలేకపోయాడు. రానివాడిది ఏడో నంబరు అయింది. దాని గురించి ఎవరూ ఇంకేమీ ఆలోచించలేదు.

శ్రీకాళహస్తిలో బండి మెల్లగా పోవాల్సి వచ్చింది. ఏటి ఇసుక మీద కలంకారీ బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ పనివాళ్లు ఒకే బట్ట మీద నలుపు, ఎరుపు, పసుపు వేస్తారు గానీ ఒకేసారి వేయరు. ఒకటి వేసి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు రెండోది. తొందరపడితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారతాయి. నియాజ్ ఆ బట్టలను చూస్తూ, పెంచలయ్యను ప్రశ్నలు మొదలుపెట్టాడు. నమ్ముతున్నట్టూ లేదు, నమ్మనట్టూ లేదు, రోగి నాడి చూసినట్టు అడిగాడు. గీత తెగినప్పుడు బండి ఇంజను నడుస్తా ఉంటుందా? లేదు. ఎండకు పెట్టె వేడెక్కుతుందా? చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. మిగతా ఎనిమిది ట్యాంకర్లకూ ఇదే పెట్టె కదా, వాటికి తెగుతోందా? తెగడం లేదు. అక్కడ నియాజ్ ఆగి గడ్డం గోక్కున్నాడు. తను చేసిన తొమ్మిది పెట్టెల్లో ఒకటే తప్పు కూస్తోందంటే తప్పు పెట్టెది కావచ్చు, బండిది కావచ్చు, మనిషిది కావచ్చు. మూడింటినీ ఒకేసారి చూడాలంటే ఒకటే మార్గం.

"రోజూ ఆగే కాడ ఆగు," అన్నాడు.

పెంచలయ్య బిత్తరపోయాడు. "ఈ పొద్దా? ఈ పొద్దు ఆగితే నా బతుకు గోవిందా అన్నా. గమ్మున పోతే గీత బాగుంటాది. ఈ పొద్దుకు గండం గడుస్తాది."

"ఈ పొద్దుకు గడుస్తాది. రేపో? జీవితాంతం టీ తాగకుండా తోల్తావా?"

వరదయ్యపాళెం దాటేదాకా పెంచలయ్య పెట్టె వైపూ రోడ్డు వైపూ మార్చి మార్చి చూస్తూ తోలాడు. టీ అంగడి రేకులు దూరంగా కనబడగానే అతని కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్లింది. ఆగాడు. నన్ను మర్చిపో, నేను లేనట్టే చెయ్ అని నియాజ్ అంతకుముందే చెప్పి, చేతులు కట్టుకుని మూలకు ఒదిగాడు. పెంచలయ్య బండి ఆపి, తలుపు తెరిచి, దిగి, పంకజాక్షిని రెండు టీలు అడిగాడు. వెనక్కి తిరిగి చూస్తే నియాజ్ ఇంకా క్యాబిన్‌లోనే ఉన్నాడు. పెట్టె వైపు చూస్తున్నాడు. పచ్చ దీపం ఆరిపోయి ఉంది.

దిగి వచ్చి బల్ల మీద కూర్చుని నియాజ్ మెల్లగా అడిగాడు, బండి ఆపినప్పటి నుంచి ఏమేం చేసినావో వరసగా చెప్పమని. న్యూట్రల్ చేసినాను, హ్యాండ్ బ్రేకు వేసినాను, తాళం తిప్పినాను, దిగినాను అన్నాడు పెంచలయ్య. అంతేనా? అంతే.

"నీ ఎడమ చెయ్యి ఏం చేసిందప్పా?"

"ఏమీ చెయ్యలా."

"రా, సూడు."

క్యాబిన్ ఎక్కించి సీటు కింద చూపించాడు. అక్కడ ఎర్రటి పిడి ఒకటి ఉంది. బ్యాటరీ మెయిన్ స్విచ్. అది పక్కకు తిరిగి ఉంది. పెంచలయ్య దాని వైపు, తర్వాత తన చేతి వైపు, పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు.

ఆ చేతికి ఒక చరిత్ర ఉంది. ఈ డెయిరీలో చేరక ముందు పెంచలయ్య పదకొండేళ్లు టిప్పర్ తోలాడు. ఒకసారి భాకరాపేట ఘాటులో నిండు లోడుతో ఆగి, తెల్లవారి చూసుకుంటే, పెట్టెలన్నీ కలిసి బ్యాటరీని పీల్చేసి ఉన్నాయి. వెనక పదిహేను బండ్లు హారన్లు కొడుతుంటే, పల్లంలోకి నెట్టించుకుని స్టార్టు చేసిన అవమానం మనిషి మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు. అప్పటి నుంచి దిగే ముందు ఎడమ చెయ్యి కిందికి పోయి స్విచ్ తిప్పేస్తుంది, ఎక్కగానే మళ్లీ తిప్పుతుంది. చెప్పులు వదిలినంత మామూలుగా. చెప్పులు ఎప్పుడు వదిలావంటే ఎవరు మాత్రం చెప్పగలరు? మిగతా ఎనిమిది ట్యాంకర్లూ కొత్తవి. వాటి మెయిన్ స్విచ్ బయట బ్యాటరీ గూట్లో తాళం వెనక ఉంటుంది. ఇది పాత బండి. స్విచ్ సీటు కిందే, చేతికి అందేంత దూరంలో.

నియాజ్ కూడా కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. పెట్టెకు కరెంటు ఆ స్విచ్ దాటిన తర్వాత ఎందుకు తీసుకున్నాడు? ఎందుకంటే రేణిగుంటలో అందరూ అట్లాగే తీస్తారు. స్విచ్‌కు ముందు తీస్తే పెట్టెను ఆపే వీలుండదు, బ్యాటరీ పోతుందన్న భయంతో డ్రైవరు బ్లేడుతో వైరే కోసేస్తాడు. కాబట్టి డ్రైవరు చేతిలో ఒక తాళం ఉంచడం అక్కడి మర్యాద. ఏడు పెట్టెలున్న కాలంలో ఆ మర్యాద సరిపోయింది. ఒక పెట్టె ఆరితే మరోటి దాని సొంత చిన్న బ్యాటరీ మీద కూస్తూనే ఉండేది. ఇప్పుడు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. స్విచ్ తిప్పితే ఏడుగురూ ఒక్కసారిగా నిద్రపోతారు. తిరిగి లేపితే వరస ప్రకారం ఒక్కొక్కరే లేస్తారు. టీకి పది నిమిషాలు, ఆరుగురు లేచాక ఏడోవాడైన మూత లేవడానికి ఇంకో పది. మొత్తం ఇరవై. యోగానంద తెర మీది ఖాళీ అదే.

"ఒకటి నీ చెయ్యి, ఒకటి నా చెయ్యి," అన్నాడు నియాజ్. "నేర్చుకున్న పని రెండూ బాగనే చేసినాయి."

పెంచలయ్యకు ఆ మాట సగమే వినబడింది. దొంగ కాదని లోకం ఒప్పుకోవడం తర్వాతి సంగతి. తనకు మతి జారలేదు, కునుకు పట్టలేదు, ట్యాంకు ఎవరూ ఎక్కలేదు. పది రోజులుగా గుండె మీద కూర్చున్నది లేచి పోయింది. అంగడి వెనక్కి వెళ్లి, తొట్టిలో నీళ్లు దోసిళ్లతో మొహం మీద కొట్టుకుని, కొట్టుకుని, తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయేమని పంకజాక్షి అడగలేదు. ఆమెకూ ఈ గొడవ తెలుసు. గీత తన అంగడి ముందరే తెగుతోందని డెయిరీవాళ్లు వచ్చి ఆమెను కూడా ప్రశ్నించి పోయారు మరి. రెండు గ్లాసులు ముందు పెట్టి, ఇంకో రెండు గ్లాసులకు పాలు పొయ్యి మీద పెట్టింది.

సంతోషం అంతసేపే. గీత ఈ రోజు కూడా తెగిందన్న సంగతి పెంచలయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. చిత్తూరులో యోగానంద ఈ పాటికి చూసే ఉంటాడు. నా చెయ్యే తిప్పింది, నాకు తెలియదు అంటే నమ్మే ఆఫీసరు ఏ లోకంలో ఉంటాడు? స్విచ్ తిప్పినవాడు మూత కూడా తిప్పి ఉండొచ్చు కదా. పైగా ఇప్పుడు పెట్టె నోరు నొక్కింది తనేనని తన నోటితోనే ఒప్పుకోవాలి.

నియాజ్ అప్పటికే కూతురికి ఫోను చేసి ఉర్దూలో మాట్లాడుతున్నాడు. మాట్లాడి పెట్టేసి, ఉమ్మే సల్మా ఏం చేయబోతోందో పెంచలయ్యకు చెప్పాడు. పెట్టె ఒకటైంది గానీ చూసే కళ్లు ఇంకా ఒకటి కాలేదు. మూత గీత యోగానంద చూస్తాడు. పాల చల్లదనం తడ ల్యాబువాళ్లు చూస్తారు. మట్టం పాల సేకరణవాళ్లు చూస్తారు. బండికి కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో పెట్టె తనలో తాను రాసుకుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కానీ అన్నీ ఒకే పెట్టెలో, ఒకే గడియారం కింద ఉన్నాయి కాబట్టి నాలుగింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన పేర్చవచ్చు. ఏడు పెట్టెల రోజుల్లో ఇది జరిగే పని కాదు. ఒక్కో పెట్టె గడియారం ఒక్కో దారిన నడిచేది. గీత తెగిన ప్రతి రోజూ, తెగక ముందూ అతుక్కున్నాకా పాలు ఎట్లా ఉన్నాయో చూపిస్తే చాలు. ఈ ఎండల్లో నీళ్లు కలిపితే పాలు వేడెక్కి తీరాలి. కలపకుండా తోడితే మట్టం తగ్గి తీరాలి. రెండూ లేకపోతే మూత తెరవనట్టే.

ఆ కాగితం తయారయ్యే లోపల నియాజ్ సంచి విప్పి బండి కింద పడుకున్నాడు. పెట్టె వైరును స్విచ్ తర్వాతి చోటు నుంచి ఊడదీసి, స్విచ్‌కు ముందుకు, బ్యాటరీ దగ్గరికే తెచ్చి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి బిగించాడు. కింద పడుకున్న మనిషి కాళ్ల దగ్గర గొంతుకూర్చుని పెంచలయ్య తన భయం బయటపెట్టాడు.

"పొద్దునకు స్టార్టు కాకుంటే ఎట్లన్నా?"

"ఏడుగురు తాగినప్పుడు బావి ఎండె. ఇప్పుడు ఒకడే గదప్పా. దేవుడి కాడ పెట్టే చిన్న బల్బు ఎంత తాగుతాదో అంత. నెల రోజులు నిలబెట్టినా స్టార్టు అయితాది." కాస్త ఆగి, కింది నుంచే అన్నాడు: "వైరు కోస్తే మాత్రం సల్మాకు తెలుస్తాది."

బయటికి వచ్చి పెంచలయ్యను ఎక్కి స్విచ్ తిప్పమన్నాడు. తెలిసి తిప్పాల్సి వచ్చేసరికి పెంచలయ్య చేతికి పిడి ఎక్కడుందో దొరకలేదు, వంగి వెతుక్కోవాల్సి వచ్చింది. తిప్పాడు. డ్యాష్‌బోర్డు మీది దీపాలన్నీ పోయాయి. పెట్టె మీది పచ్చ దీపం మాత్రం అట్లాగే నిలబడి ఉంది. పెంచలయ్య మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆపాడు. పిల్లాడు టార్చిలైటుతో ఆడినట్టు నాలుగైదు సార్లు చేశాడు. చాల్లేవయ్యా, దాని ప్రాణం తోడొద్దు అని పంకజాక్షి అంగడిలోంచే నవ్వింది. రెండోసారి టీకి ఆమె ఎవరినీ అడగలేదు, తెచ్చి చేతిలో పెట్టింది.

అక్కడి నుంచి తడ దాకా పెంచలయ్య నోరు మూతపడలేదు. భాకరాపేట ఘాటు కథ రెండుసార్లు చెప్పాడు. సంతోషమ్మ చేసే ఉలవచారు గురించి చెప్పాడు. తిరుపతి కొండ రోడ్లు, టిప్పర్ల రోజులు, ఇసుక రేవులు అన్నీ చెప్పాడు. నియాజ్ వింటూ వచ్చాడు. ఒక్కసారి మాత్రం, ఎవరితోనో కాకుండా తనలో తాను అనుకున్నట్టు, ఇంటికి పోయి ఆ గోడ మీది వరస చెరిపి రాయాలి అన్నాడు. మూతను మొదట పెట్టాలి. రైలు అందనివాణ్ని చివర కూర్చోబెట్టడం నా తప్పు. డ్రైవరు దిగేటప్పుడు ఏం చేస్తాడని అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఏడు కంపెనీల మనుషులను కూర్చోబెట్టి మాట్లాడాను గానీ, ఒక్క డ్రైవరునైనా పిలవలేదే అన్నాడు.

తడ ప్లాంటు గేటు దగ్గర బండ్లు వరస కట్టి ఉన్నాయి. ల్యాబు మనిషి వచ్చి, ట్యాంకు ఎక్కి, పాలు తీసి, చల్లదనం చూసి, ఎప్పటిలాగే తల ఊపి పోయాడు. పెంచలయ్య ఫోను చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఉమ్మే సల్మా కాగితం పంపి గంట దాటింది. చిత్తూరు నుంచి ఏ కబురూ లేదు. నియాజ్ గోడ నీడలో సంచి మీద కూర్చుని ఉన్నాడు.

ఫోను మోగింది. యోగానంద. పెంచలయ్య రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు.

యోగానంద తొందరపడే మనిషి కాదు. కాగితం ముందు పెట్టుకునే మాట్లాడుతున్నాడు, తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది. పదకొండు రోజులు చూసినానన్నాడు. కరెంటు పోయిన నిమిషమూ, గీత తెగిన నిమిషమూ ఒకటే అన్నాడు. తెగక ముందు పాలు నాలుగు డిగ్రీలు, తర్వాతా నాలుగే అన్నాడు. మట్టం ఒక వేలు కూడా కదలలేదన్నాడు. ల్యాబువాళ్లకూ చూపించానన్నాడు. తర్వాత కాగితాల చప్పుడు ఆగింది.

"స్విచ్ తిప్పినట్టు నీకే తెలియదా పెంచలయ్యా?"

"తెల్దు సార్. నా బిడ్డల మీద ఒట్టు, తెల్దు."

అవతల నిట్టూర్పు వినబడింది. ఆఫీసు తాళం వేసి ఇంటికి పోయాక వేశానా లేదా అని నేనే రోజు విడిచి రోజు వెనక్కి వస్తాను అని నవ్వాడు యోగానంద. ఆ నవ్వులో క్షమాపణ ఉంది, నోట రాలేదు గానీ. రేపు మామూలు టైముకే రమ్మన్నాడు. సంతోషమ్మకు తనే ఫోను చేసి చెప్పమంటావా అని కూడా అడిగాడు. వద్దు సార్, నేనే చెప్పుకుంటా అన్నాడు పెంచలయ్య. ఆ పెట్టె మనిషి అక్కడే ఉన్నాడటగా, ఒకసారి ఇవ్వు, ఇంకా పెట్టె బిగించని మన పాత లారీల సంగతి మాట్లాడాలి అన్నాడు యోగానంద.

పెంచలయ్య గోడ వైపు తిరిగాడు. నీడలో సంచి లేదు. సంచి మీద కూర్చున్న మనిషీ లేడు. అటూ ఇటూ చూస్తే, లారీల వరస పక్కన, చివరి బండి దాకా వెళ్లిపోయి కనిపించాడు. భుజాన సంచి, వీపు నిండా టీ అంగడి ముందరి మట్టి. నడుస్తూ నడుస్తూ ప్రతి బండి దగ్గరా కాస్త వంగి, కిందికి చూసి, ముందుకు పోతున్నాడు. అన్నా అని పిలిచాడు పెంచలయ్య. ఫోను పైకెత్తి చూపించాడు. లారీల మోతలో వినబడలేదేమో, నియాజ్ వెనక్కి తిరగలేదు. ఆఖరి లారీ మలుపు తిరిగి, దాని చాటుకు వెళ్లిపోయాడు.